కక్ష్య తప్పని లెక్క

14 జూలై 2023, శుక్రవారం, కొత్తచెరువు

మధ్యాహ్నం 2.35కు శ్రీహరికోటలో చంద్రయాన్-3 లేచింది. కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు ఒకే ఫోను చుట్టూ మూగి చూశారు. రాకెట్ మబ్బులో కలిసిపోయాక చప్పట్లు కొట్టారు. అవి ఆగాక వెనక బెంచీ అమ్మాయి ఒకతె అడిగింది: "సార్, ఆగస్టు 23న దిగుతుందంటున్నారు. అప్పటికి చంద్రుడు యాడుంటాడో, ఈ నౌక యాడుంటాదో ఇప్పుడే ఎట్ల చెప్తారు?"

ఈ ప్రశ్న ఏళ్లుగా ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే బాగుండని నేను ఎదురుచూస్తున్నాను.

భూమి, నౌక రెండే ఉంటే కెప్లర్ దీర్ఘవృత్తం ఉంది, సూత్రం ఉంది. చంద్రుడు చేరి, పైనుంచి సూర్యుడు కూడా లాగుతుంటే, ఏ గంటకు ఎక్కడో నేరుగా చెప్పే సూత్రం చేతిలో ఉండదు. కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టుకోవాలి. ఒక్కో అడుగులో ఎంత లాగుడు, ఎంత కదలిక అని కూడుకుంటూ పోవాలి. ఇస్రో వాళ్లయినా, నాసా వాళ్లయినా చేసేది ఇదే.

"అయితే మనమూ వెయ్యొచ్చు కదా సార్?" అంది. వెయ్యొచ్చు. ఆదివారం ఇంటికి రమ్మన్నాను, ఆసక్తి ఉన్న వాళ్లందరినీ.

16 జూలై, ఆదివారం

పొద్దున్నే వచ్చారు. ఉగ్గాని తినిపించి వసారాలో కూర్చోబెట్టాను. ల్యాప్‌టాప్ తియ్యలేదు. నోటుబుక్కు, పెన్ను, కాలిక్యులేటరు చాలు. మొదటి రెండు అడుగులు చేత్తో వెయ్యని వాడికి కంప్యూటర్ ఏం చేస్తోందో అర్థం కాదు.

అంకెలు తేలిగ్గా ఉండేలా కొలతలు పెట్టుకున్నాం. కేంద్రంలో లాగే బలం 1, గ్రహం దూరం 1, అడ్డంగా వెళ్లే వేగం 1. ఇది సరిగ్గా వృత్తాకార కక్ష్య. గతిజశక్తి 0.5, స్థితిజశక్తి మైనస్ 1, మొత్తం శక్తి మైనస్ 0.5. కోణీయ ద్రవ్యవేగం 1. కాలం అడుగు 0.1, అంటే ఒక చుట్టుకు సుమారు 63 అడుగులు.

మొదటిది 18వ శతాబ్దంలో ఆయిలర్ రాసి పెట్టిన పద్ధతి, ఎవరికైనా ముందు తోచేది అదే. ఇప్పుడున్న స్థానం, ఇప్పుడున్న వేగం రెండూ చూసుకుని, రెండింటినీ ఒకేసారి ముందుకు జరపడం. ఒక అడుగు తర్వాత శక్తి మైనస్ 0.4900. రెండో అడుగు తర్వాత మైనస్ 0.4802. కోణీయ ద్రవ్యవేగం 1 నుంచి 1.01కి, ఆపైన 1.02కి పాకింది. రాకెట్ లేదు, ఇంధనం లేదు, తోసేవాళ్లు లేరు. గ్రహానికి మాత్రం శక్తి పెరుగుతోంది.

రెండో పద్ధతిలో తేడా ఒక్కటే. ముందు వేగాన్ని మార్చాలి, అలా వచ్చిన కొత్త వేగంతో స్థానాన్ని మార్చాలి. కూడికలు అవే, గుణకారాలు అవే, పని ఒక్క పిసరు కూడా పెరగదు. శక్తి మొదటి అడుగుకు మైనస్ 0.49999, రెండో అడుగుకు మైనస్ 0.49995. కోణీయ ద్రవ్యవేగం రెండుసార్లూ సరిగ్గా 1.

పిల్లలు కాలిక్యులేటర్లు మళ్లీ నొక్కి చూసుకున్నారు. "వరస మార్చినందుకే ఇంత తేడానా సార్?" అని ఒక అబ్బాయి. ఎందుకో తేల్చేదాకా వదలొద్దన్నాను.

23 జూలై, ఆదివారం

ఇవాళ ల్యాప్‌టాప్ తీశాం. పైథాన్‌లో ఇరవై లైన్ల ప్రోగ్రాము, రెండు నకళ్లు. రెంటికీ తేడా రెండు లైన్ల వరసే. మొదటి దాంట్లో గ్రహం చుట్టు చుట్టుకూ బయటికి జరుగుతూ కేంద్రానికి దూరమైపోయింది. రెండో దాంట్లో కొంచెం కోడిగుడ్డు ఆకారం తీసుకున్నా, వేల చుట్లు తిరిగినా తన దారి వదల్లేదు.

కారణం కోసం గ్రహాన్ని పక్కన పెట్టి స్ప్రింగుకు కట్టిన గుండు తీసుకున్నాను. దాంట్లో లెక్క పూర్తిగా కాగితం మీదే తేలుతుంది. మొదటి పద్ధతిలో ప్రతి అడుగుకూ శక్తి ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది: 1కి అడుగు వర్గం కలిపినంత. అడుగు 0.1 అయితే 1.01 రెట్లు. ఇది అచ్చంగా చక్రవడ్డీ. నూటికి రూపాయి వడ్డీ ఎంత తక్కువో అనిపిస్తుంది, నూరు అడుగులకు అసలు 2.7 రెట్లవుతుంది. ఆ నూరు అడుగుల్లో గుండు ఊగింది ఒకటిన్నర ఊపుల పైచిలుకే. అడుగును సగం చేస్తే అదే కాలానికి 1.65 రెట్లు. వడ్డీ రేటు తగ్గింది, అప్పు తీరలేదు. అడుగు ఎంత తగ్గించినా, ఎక్కువ కాలం నడిపితే మళ్లీ అక్కడికే వస్తాం.

రెండో పద్ధతిలో ఒక విచిత్రం ఉంది. స్థానం వర్గం, వేగం వర్గం కలిపితే వచ్చే అసలు శక్తి కొద్దిగా ఊగుతుంది. కానీ ఆ మొత్తంలోంచి అడుగు, స్థానం, వేగం మూడింటి లబ్ధాన్ని తీసేస్తే వచ్చే సంఖ్య ఎన్నడూ మారదు. 'దాదాపు' అనే మాటకు ఇక్కడ చోటు లేదు, బీజగణితంలో అది కచ్చితంగా మారదు. ఈ రెండో సంఖ్య అసలు శక్తిని కంచె వేసి పట్టుకుంటుంది. 1తో మొదలుపెట్టి, అడుగు 0.1 వేస్తే, అది 0.952కు తగ్గదు, 1.053 దాటదు. నూరు అడుగులైనా అంతే, నూరు కోట్ల అడుగులైనా అంతే.

బోర్డు మీద దీన్ని విస్తరించి, కొట్టివేతలు చేసి చూపించినప్పుడు ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టి బోర్డు వైపే చూస్తూ ఉండిపోయింది. పాఠం చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి.

30 జూలై, ఆదివారం

గ్రహం విషయంలో కోణీయ ద్రవ్యవేగం ఎందుకు తప్పలేదు? దీనికి జవాబు 1687లోనే ఉంది. న్యూటన్ ప్రిన్సిపియాలో మొదటి ప్రతిపాదన అది. ఇవాళ బొమ్మ గీసి చెప్పాను.

గ్రహం ఒక చిన్న కాలవ్యవధిలో తిన్నగా వెళ్తుంది. ఆ చివర సూర్యుడి వైపు ఒక్క గుంజు. మళ్లీ తిన్నగా, మళ్లీ గుంజు. గుంజు లేకపోతే రెండో వ్యవధిలో కూడా అంతే దూరం అదే గీత మీద వెళ్లేది. అప్పుడు సూర్యుడి దగ్గర శీర్షం పెట్టి గీసిన రెండు త్రిభుజాలకు భూములు సమానం, ఎత్తు ఒకటే, కాబట్టి వైశాల్యం ఒకటే. ఇక గుంజు సూర్యుడి వైపే ఉంది కనుక, చేరిన చోటు జరిగేది సూర్యుణ్ణీ గ్రహాన్నీ కలిపే గీతకు సమాంతరంగానే. ఒకే భూమి మీద, ఒకే జత సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానం. తొమ్మిదో తరగతి సిద్ధాంతం. అంతే, ముగిసింది. సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు, అడుగు చిన్నదైనా పెద్దదైనా.

మా రెండో పద్ధతి సరిగ్గా ఇదే: గుంజు, నడక, గుంజు, నడక. న్యూటన్ చివరికి ఆ వ్యవధులను సున్నా దాకా కుదించి కెప్లర్ నియమం రాబట్టాడు. మనం కుదించకుండా ఆపేసినా నియమం చెడదు. మొదటి పద్ధతిలో గుంజూ నడకా ఒకేసారి, పాత లెక్కల మీద జరుగుతాయి కాబట్టి ఆ త్రిభుజాలు కుదరవు.

ఒక అబ్బాయి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం ఇంటి నుంచి తెచ్చుకుని, ఆ సిద్ధాంతం పక్కన పెన్సిల్‌తో 'గ్రహం' అని రాసుకున్నాడు. ఆ పిల్లాడి మీద నాకు గౌరవం కలిగింది.

2 ఆగస్టు, బుధవారం

నిన్న అర్ధరాత్రి దాటాక చంద్రయాన్ భూకక్ష్య వదిలి చంద్రుడి దారి పట్టింది. పిల్లలు పేపరు కటింగు తెచ్చారు. జూలై 25 నాటి కక్ష్య: దగ్గర 236 కిలోమీటర్లు, దూరం 1,27,603 కిలోమీటర్లు. దీని మీదే ఇవాళ్టి లెక్క.

భూమి వ్యాసార్ధం కలుపుకుంటే ఒక చుట్టుకు 51 గంటల పైన పడుతుంది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు వేగం సెకనుకు 10.7 కిలోమీటర్లు. అటు చివర అర కిలోమీటరు పైచిలుకు మాత్రమే. ఇరవై రెట్ల తేడా. ఒకే అడుగు వేసుకుంటూ పోతే, దూరాన ఉన్నప్పుడు అడుగులు దండగ, దగ్గరికొచ్చాక చాలవు.

"దగ్గరికి వచ్చినప్పుడు అడుగు తగ్గిస్తే సరి కదా సార్?" అన్నారు. ప్రయత్నించమన్నాను. దూరాన్ని బట్టి అడుగు మార్చే లైను రాశారు, నడిపారు. శక్తి మళ్లీ నెమ్మదిగా ఒక వైపుకు జారడం మొదలైంది. వాళ్ల మొహాలు చూడాలి.

కారణం ఇది. ఒకే అడుగుతో నడిచే మా రెండో పద్ధతి లెక్కను, గుంజూ నడకల వరసను తిరగేసి, కాలం వెనక్కి తిప్పి నడపవచ్చు, అది వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. ప్రకృతి నియమం కూడా అంతే, ముందుకూ వెనక్కీ ఒకటే. అడుగు నిడివిని బయల్దేరిన చోటును బట్టి నిర్ణయిస్తే, తిరుగు ప్రయాణంలో బయల్దేరే చోటు వేరు, అడుగు వేరు, దారి వేరు. రెండు చివరలకూ సమానంగా వర్తించేలా అడుగును ఎంచుకోవాలి. లేదా, దగ్గరగా ఉన్నప్పుడు త్వరగా, దూరాన ఉన్నప్పుడు నెమ్మదిగా నడిచే కొత్త కాలాన్నే సమీకరణాల్లో పెట్టి, ఆ కాలంలో సమానమైన అడుగులు వెయ్యాలి. దీన్ని పిల్లలకు వచ్చే నెలలో చెప్తాను. ఇవాళ్టికి జారుడు చూశారు, చాలు.

13 ఆగస్టు, ఆదివారం

తెలుగు లెక్చరర్ గారు కూడా వచ్చి కూర్చున్నారు. గురజాడ 'ముత్యాల సరములు'లో తోకచుక్క సంగతి ఎత్తారు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు లోకం భయపడుతుంటే, ఆయన దాన్ని సంఘ సంస్కరణకు జెండాగా చూశాడు. ఆ తోకచుక్క రాకను ముందే లెక్కగట్టినవాళ్ల కథ నేను చెప్పాను.

గ్రీనిచ్ అబ్జర్వేటరీకి చెందిన కోవెల్, క్రోమెలిన్ ఇద్దరూ కంప్యూటర్ లేని కాలంలో, పెద్ద గ్రహాల లాగుడు కలుపుకుంటూ, అడుగడుగునా త్వరణాన్ని కూడుతూ తోకచుక్క దారిని చేత్తో లెక్కించారు. సూర్యుడికి అతి దగ్గరగా అది 1910 ఏప్రిల్ 20న వచ్చింది. వాళ్ల లెక్క దాదాపు 3 రోజుల తేడాతో సరిపోయింది. 74 ఏళ్ల పైచిలుకు ప్రయాణంలో 3 రోజులు. అంతకు ముందు 1759 రాకకు క్లేరో, లలాండ్, నికోల్ రెన్ లెపోట్ అనే ఆమె కలిసి వేసిన లెక్కలో తేడా ఒక నెల. లెపోట్ పేరు చెప్పగానే ఆడపిల్లలు నోటుబుక్కుల్లో రాసుకున్నారు.

ఈ పద్ధతుల కుటుంబానికి చాలామంది పెద్దలు ఉన్నారు. డెలాంబర్ 1791లో వాడాడు. నార్వేలో స్టోర్మర్ 1907లో ధ్రువకాంతుల కోసం, భూమి అయస్కాంత క్షేత్రంలో విద్యుత్కణాల దారులు కట్టడానికి వాడాడు. 1967లో ఫ్రాన్స్‌కు చెందిన లూప్ వెర్లే 864 ఆర్గాన్ పరమాణువుల కదలికను కంప్యూటర్‌లో నడపడానికి వాడితే, ఆయన పేరే నిలిచింది. వేగం సగం గుంజు, స్థానం పూర్తి నడక, వేగం మళ్లీ సగం గుంజు. దీన్నే కప్పగంతు పద్ధతి అంటారు. మా స్ప్రింగుకు దీన్ని పెడితే శక్తి ఊగిసలాట 5 శాతం నుంచి పావు శాతానికి దిగింది. అడుగు సగం చేస్తే తప్పు నాలుగో వంతవుతుంది. ప్రతి అడుగులో లాగుడు లెక్కించేది మాత్రం ఒక్కసారే.

అవసరం ఎక్కడ పుడితే అక్కడ మళ్లీ మళ్లీ కనిపెట్టిన పద్ధతి ఇది. ఆకాశానికీ, పరమాణువుకూ ఒకే లెక్క. తెలుగు మాస్టారు వెళ్తూ వెళ్తూ, ముత్యాల సరములు ఈసారి పాఠంగా చెప్పేటప్పుడు ఆ 3 రోజుల సంగతి కూడా చెప్తానన్నారు.

20 ఆగస్టు, ఆదివారం

ఇవాళ ప్లూటో.

హైదరాబాద్‌లో పెరిగిన ఒకామె కథతో మొదలుపెట్టాను. రేణు మల్హోత్రా ఢిల్లీలో పుట్టారు. తండ్రి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విమానాల ఇంజనీరు. చిన్నప్పుడే కుటుంబం హైదరాబాద్ వచ్చింది. ఢిల్లీ ఐఐటీలో 1983లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో 1988లో పీహెచ్‌డీ. ఇప్పుడు అరిజోనా యూనివర్సిటీలో ప్రొఫెసర్.

ప్లూటో కక్ష్య నెప్ట్యూన్ కక్ష్య లోపలికి చొచ్చుకొస్తుంది. 1979 నుంచి 1999 దాకా సూర్యుడికి నెప్ట్యూన్ కంటే ప్లూటోనే దగ్గర. అయినా ఢీకొనవు. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోగా ప్లూటో రెండు చుట్లు తిరుగుతుంది, దాదాపు 165 ఏళ్లకొకటి, 248 ఏళ్లకొకటి. ఆ తాళం వల్లే ఒకటి వచ్చిన చోటికి రెండోది రాదు. ఈ సంగతి 1965లో కోహెన్, హబ్బర్డ్ లక్షా ఇరవై వేల ఏళ్ల కదలికను కంప్యూటర్‌లో నడిపినప్పుడు బయటపడింది. మరి ఆ తాళం ఎలా కుదిరింది? నెప్ట్యూన్ పూర్వం సూర్యుడికి ఇంకా దగ్గరగా ఉండి, నెమ్మదిగా బయటికి జరుగుతూ, దారిలో ప్లూటోను పట్టుకుని తనతో తెచ్చుకుందని 1993లో మల్హోత్రా చూపించారు. అలా పట్టుబడ్డవి ఇంకా ఉండాలని 1995లో రాశారు. అదే తాళంలో తిరిగే చిన్న లోకాలు చాలా దొరికాయి, వాటిని ప్లూటినోలు అంటున్నారు.

ఇలాంటి ప్రశ్నకు వేల ఏళ్లు చాలవు, కోట్ల ఏళ్లు నడపాలి. 1988లో సస్మన్, విజ్డమ్ ఇద్దరూ డిజిటల్ ఆరరీ అనే ప్రత్యేక యంత్రం మీద బయటి గ్రహాలను 84.5 కోట్ల ఏళ్లు నడిపారు. ప్లూటో గతి గందరగోళమని తేలింది. మొదట్లో ఉన్న వెంట్రుకవాసి తేడా రెండు కోట్ల ఏళ్లకోసారి దాదాపు 2.7 రెట్లవుతుంది. 1991లో విజ్డమ్, హోల్మన్ కొత్త ఉపాయం కనిపెట్టి 110 కోట్ల ఏళ్లు నడిపారు, అదీ పాత పద్ధతుల కంటే సుమారు పదింతల వేగంతో.

ఆ ఉపాయం వినగానే పిల్లలకు న్యూటన్ బొమ్మ గుర్తొచ్చింది. గుంజుకూ గుంజుకూ మధ్య తిన్నని గీతకు బదులు సూర్యుడి చుట్టూ కెప్లర్ దీర్ఘవృత్తం ముక్క. దానికి కచ్చితమైన సూత్రం ఉంది కదా, అందులో తప్పే లేదు. గుంజులన్నీ మిగతా గ్రహాలవి, చాలా చిన్నవి. కాబట్టి అడుగు పెద్దది వెయ్యవచ్చు. 1994లో మల్హోత్రా ఈ దారినే ఇంకో మెట్టు తీసుకెళ్లారు. శక్తిని కొద్దికొద్దిగా హరించే బలాలు కూడా ఉన్నప్పుడు దీన్ని ఎలా వాడాలో రాశారు. గ్రహాలు జరగడం చూపాలంటే అది కావాలి.

"ఆమె మన హైదరాబాద్‌లో చదువుకుందా సార్?" అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది.

23 ఆగస్టు, బుధవారం

సాయంత్రం 6.04. దిగింది. ఊరు ఊరంతా టీవీల ముందే. పక్కింటి పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, "సారూ, మనోళ్లు సాధించిరి కదప్పా!" అని నా చేతులు పట్టుకున్నాడు. ఆయన పొలంలో శెనక్కాయ వానకు ఎదురుచూస్తోంది, ఆ దిగులు ఇవాళ మొహంలో లేదు.

రాత్రి ఇది రాసుకుంటున్నాను, పిల్లలకు ఆదివారం చెప్పడానికి. దిగేటప్పటి లెక్క వేరు. 30 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో పోతున్న ల్యాండర్, ఆ వేగాన్నంతా ఇంజన్లతో పోగొట్టుకుని కాళ్లు ఆనించింది. ఇక్కడ శక్తి నిలవకూడదు, పోవాలి. శక్తిని నిలబెట్టే పద్ధతి వల్ల ఇక్కడ ప్రత్యేకంగా ఒరిగేది లేదు. నిమిషాల ప్రయాణం, ప్రతి క్షణం కొలతలు, ప్రతి అడుగులో తప్పును అంచనా కట్టి అడుగు మార్చుకునే పద్ధతులే తగినవి. అప్పుడప్పుడూ భూమి నుంచి కొలిచి సరిదిద్దే అవకాశం ఉన్న ఉపగ్రహాలకూ అంతే. కోట్ల ఏళ్ల ప్లూటోను కొలిచి సరిదిద్దేవాళ్లు ఎవరూ లేరు, అక్కడ లెక్క తనను తాను కాపాడుకోవాలి.

పద్ధతిని ఎంచుకునే ముందు అడగాల్సింది ఇదే: ఈ కదలికలో ప్రకృతి దేన్ని నిలబెడుతోంది? దాన్ని మన లెక్క నిలబెడుతోందా?

27 ఆగస్టు, ఆదివారం

పిల్లల్లో ఒకరికి ఇంజనీరింగ్ చదివే అన్న ఉన్నాడు. ఇవాళ వెంట వచ్చాడు. "రుంగె-కుట్టా నాలుగో క్రమం పద్ధతి ఉండగా ఇదంతా ఎందుకు సార్? అది ఎంతో కచ్చితం" అన్నాడు. మంచి ప్రశ్న, నిజమూ ఉంది. ఒక్క చుట్టు వరకు చూస్తే కప్పగంతు దాని దరిదాపుల్లోకి రాదు.

స్ప్రింగు మీదే తేల్చాం. అదే 0.1 అడుగు వేస్తే రుంగె-కుట్టా ఒక్కో అడుగుకూ శక్తిని పది కోట్లలో సుమారు 1.4 వంతు తగ్గిస్తుంది. ఎంత చిన్నదో! కానీ ఎప్పుడూ తగ్గించడమే, ఒక్కసారీ పెంచదు. పది కోట్ల అడుగులకు శక్తిలో మిగిలేది నాలుగో వంతు. ఒక ఊపు ఒక ఏడాది అనుకుంటే అది 16 లక్షల ఏళ్లు. సౌరకుటుంబం వయసు 450 కోట్ల ఏళ్ల పైమాట. అప్పటికీ కప్పగంతు పావు శాతం లోపలే ఊగుతూ ఉంటుంది.

అన్నయ్య చాలాసేపు అంకెలు చూశాడు. అడుగు తగ్గిస్తే రుంగె-కుట్టా కూడా ఇంకా చాలా దూరం పోతుందని చెప్పాడు. అవును, పోతుంది. ఎంత దూరమన్నది ముందే తెలుసుకుని వాడాలి.

కప్పగంతు లాంటి పద్ధతులకు సింప్లెక్టిక్ అని పేరు. 1983లో అమెరికాలో రూత్, తర్వాత చైనాలో ఫెంగ్ కాంగ్ వీటికి సిద్ధాంతం కట్టారు. ఈ పద్ధతి అసలు వ్యవస్థను దాదాపుగా పాటిస్తుంది. దాని పక్కనే ఉన్న మరో వ్యవస్థను మాత్రం ఇంకా ఎంతో దగ్గరగా పాటిస్తుంది. స్ప్రింగులో మేం చూసిన ఆ మారని సంఖ్యే ఆ పక్క వ్యవస్థకు శక్తి. గ్రహాల విషయంలో అది అంత కచ్చితంగా దొరకదు, కానీ అడుగు తగినంత చిన్నదైతే అతి దీర్ఘకాలం పట్టు సడలదు.

దీని హద్దులు కూడా చెప్పాను. శక్తి సరిగ్గా ఉంటే గ్రహం సరైన చోట ఉన్నట్టు కాదు. కక్ష్య సరిగ్గా ఉండి, దాని మీద గ్రహం కాస్త ముందో వెనకో ఉండొచ్చు. ఆ తేడా కాలంతో పాటు సమంగా పెరుగుతుంది. రుంగె-కుట్టాలో అయితే కాలం వర్గంతో పెరుగుతుంది. రెండు వస్తువులు మరీ దగ్గరగా వస్తే ఒకే అడుగు పనిచెయ్యదు. శక్తిని కచ్చితంగా, రవ్వంత ఊగకుండా నిలబెట్టే పద్ధతులూ ఉన్నాయి. కానీ సూత్రంతో తేలని సాధారణ వ్యవస్థలకు, ఒకే అడుగుతో నడుస్తూ శక్తినీ సింప్లెక్టిక్ గుణాన్నీ రెండింటినీ కచ్చితంగా నిలబెట్టడం కుదరదని 1988లో జాంగ్, మార్స్‌డెన్ నిరూపించారు. దేన్ని కచ్చితంగా ఉంచుకోవాలో, దేన్ని కొద్దిగా ఊగనివ్వాలో మనమే తేల్చుకోవాలి.

3 సెప్టెంబర్, ఆదివారం

నిన్న ఆదిత్య-ఎల్1 కూడా శ్రీహరికోట నుంచే వెళ్లింది. పిల్లలకు ఇప్పుడు ప్రయోగం కంటే ప్రయాణం మీద ధ్యాస. "అడుగు ఎంత తీసుకుంటారు సార్?" అని అడుగుతున్నారు. రెండు నెలల కింద ఈ ప్రశ్న వాళ్ల నోట వచ్చేది కాదు.

ఇవాళ లాస్కార్, గస్తినో 2009లో చేసిన పని చెప్పాను. సౌరకుటుంబాన్ని 500 కోట్ల ఏళ్ల ముందుకు 2,501 సార్లు నడిపారు. ఒక పరుగుకూ పక్క పరుగుకూ మొదట్లో ఉన్న తేడా బుధుడి కక్ష్యలో మిల్లీమీటరు లోపే. దాదాపు నూటికి ఒక పరుగులో బుధుడి కక్ష్య బాగా సాగి, శుక్రుడినో సూర్యుడినో ఢీకొనే దాకా వెళ్లవచ్చని తేలింది. ఒక పరుగులోనైతే లోపలి గ్రహాలన్నీ అల్లకల్లోలమై భూమికే ముప్పు వచ్చింది. మిగతా నూటికి 99 పరుగుల్లో అంతా నిలకడ.

ఈ ఫలితాన్ని ఎందుకు నమ్మవచ్చు? లెక్కే తనంతట తాను శక్తిని పోగేస్తూ ఉంటే, బుధుడి కక్ష్య సాగింది ప్రకృతి వల్లనా, లెక్క వల్లనా అని ఎవరూ చెప్పలేరు. వాళ్లు వాడింది సింప్లెక్టిక్ పద్ధతి కాబట్టే ఆ సందేహం తీరింది. గందరగోళంలో ఒక్కో దారినీ కచ్చితంగా చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ దారులన్నీ నడిచే నియమాలు చెడకుండా ఉంటే, వాటిలో ఎన్ని ఎటు పోతాయో చెప్పగలం. నేను ఈ పాఠాన్ని ఇంతగా పట్టుకుని చెప్పడానికి కారణం ఇదే. పిల్లలకు మేం స్కూల్లో, కాలేజీలో నేర్పేది జవాబుకు ఎన్ని దశాంశ స్థానాలు సరిపోయాయని. జవాబు నడిచిన దారి పొడుగునా ఏది నిలబడింది అని అడగడం నేర్పడం లేదు. చిన్న తప్పు ఎప్పుడూ ఒక వైపుకే పోతుంటే అది పెద్దదవుతుంది. దానికంటే పెద్ద తప్పు అయినా హద్దులో ఊగుతుంటే దాంతో కోట్ల ఏళ్లు నడవొచ్చు. ఇది భౌతికశాస్త్రం చదివే ప్రతి పిల్లవాడికీ ఇంటర్‌లోనే తెలియాలి.

వచ్చే వారం నుంచి వాళ్లే సొంతంగా సౌరకుటుంబం కడతారు. ముందు సూర్యుడు, గురుడు, శని. తర్వాత యురేనస్, నెప్ట్యూన్. చివర ప్లూటో, ఆ మూడు రెండుల తాళం తెర మీద వాళ్ల కళ్లతో చూసేదాకా. ప్రతి పరుగుకూ మూడు పరీక్షలు పెట్టాను. శక్తి గ్రాఫు హద్దుల్లో ఊగుతోందా, ఒక వైపుకు జారుతోందా? కోణీయ ద్రవ్యవేగం నిలిచిందా? కాలాన్ని వెనక్కి తిప్పితే మొదలైన చోటికి వస్తోందా? ఈ మూడూ నెగ్గని ప్రోగ్రాము ఎంత అందమైన బొమ్మ గీసినా నమ్మొద్దని చెప్పాను. ఆ అమ్మాయి మూడో పరీక్షకు ప్రోగ్రాము ఇవాళ ఇక్కడే రాసి, నడిపి, నెగ్గాకే ఇంటికి వెళ్లింది.